పెకింగ్, పైపింగ్, బీజింగ్: చైనా ఊరి పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను విప్పి చదవడం ఎలా

మావో త్సే టుంగ్, మావో జెడాంగ్ ఒక్క మనిషే. పాత పుస్తకాలు చదివిన తరానికి మొదటి పేరు అలవాటు, ఇప్పటి పేపర్లు చదివేవాళ్లకు రెండోది. మనిషి ఒక్కడే కాబట్టి ఎవరూ పెద్దగా తికమకపడరు. ఊళ్ల దగ్గరికి వచ్చేసరికే వస్తుంది చిక్కు. పాత స్కూలు అట్లాసులో టియెన్‌ట్సిన్ అని చూసి ఇవాళ్టి మ్యాపులో వెతికితే దొరకదు. అక్కడ తియాన్‌జిన్ అని ఉంటుంది. చుంగ్‌కింగ్ చాంగ్‌చింగ్ అయింది. కాంటన్ అయితే అసలు కనిపించదు, దాని చోట గ్వాంగ్‌జౌ ఉంటుంది.

పాతవన్నీ తెల్లవాళ్లు చెడగొట్టిన పేర్లు, కొత్తవే అసలైనవి అని నేనూ చాలాకాలం అనుకున్నాను. మన మచిలీపట్నాన్ని మసూలిపటం, విశాఖపట్నాన్ని వైజాగపటం చేసినవాళ్లే కదా, అక్కడా అదే పని చేసుంటారని. తవ్వి చూస్తే అది సగం నిజమే. ప్రతి పాత స్పెల్లింగ్ వెనకా ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, ఏదో ఒక యాస విని, ఒక పద్ధతిలో రాసుకున్న లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే పాత పేరు చూసి కొత్త పేరు చాలావరకు పట్టుకోవచ్చు. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్లకు ఈ పని ఇంగ్లిష్‌వాళ్లకన్నా తేలిక.

మొదటి మెట్టు: ప-ఫ తేడాతో మొదలుపెట్టండి

బీజింగ్ పేరు ఇంగ్లిష్‌లో ఒకప్పుడు పీ అక్షరంతో, ఇప్పుడు బీ అక్షరంతో మొదలవుతుంది. మరి చైనావాళ్లు పలికేది ఏది? మన ప. ఒత్తు లేని, గాలి వదలని ప. పూర్తిగా పలికితే 'పెయ్‌చింగ్' అన్నట్టు ఉంటుంది.

ప్రామాణిక చైనీస్‌లో బ, ద, గ లాంటి, గొంతు అదురుతూ పలికే నాదపు హల్లులు లేవు. ఉన్నవి ప, ఫ జంట. ఇక్కడ ఫ అంటే ఫ్యాను, ఫోనుల్లో పలికే ఫ కాదు, ప కింద ఒత్తు పెట్టి పలికేది. అలాగే త-థ, క-ఖ, చ-ఛ. మన వర్ణమాలలో పక్కపక్కనే కూర్చున్న జంటలే. ఇంగ్లిష్‌లో ఈ రెంటికీ వేర్వేరు అక్షరాలు లేవు. గొడవంతా అక్కడ మొదలైంది.

థామస్ వేడ్ అనే బ్రిటిష్ దౌత్యవేత్త 1867లో చైనీస్ నేర్చుకునే పాఠ్యపుస్తకం వేశాడు. హెర్బర్ట్ జైల్స్ 1892లో తన నిఘంటువులో ఆ పద్ధతిని సరిదిద్ది వాడాడు. దాన్నే వేడ్-జైల్స్ పద్ధతి అంటారు. వాళ్లు చేసిన ఉపాయం ఏమిటంటే, ప అయితే ఉత్త పీ, ఫ అయితే పీ పక్కన కామా లాంటి చిన్న గుర్తు. త అయితే ఉత్త టీ, థ అయితే టీ పక్కన గుర్తు. పద్ధతి శుభ్రంగానే ఉంది. కానీ అచ్చువేసేవాళ్లు, సైన్‌బోర్డులు రాసేవాళ్లు ఆ గుర్తును దులిపేశారు. అది పోయాక ప ఏదో ఫ ఏదో తెలిసే దారి లేదు. తైవాన్‌లో తైతుంగ్ అనే ఊరుంది. ఇంగ్లిష్‌లో దాని పేరులో రెండు టీలు ఉంటాయి. నిజానికి మొదటిది థ, రెండోది త. స్పెల్లింగ్ చూసి ఆ సంగతి ఎవడు చెప్పగలడు?

1958 ఫిబ్రవరి 11న చైనా జాతీయ ప్రజా కాంగ్రెస్ ఆమోదించిన పిన్‌యిన్, అంటే చైనీస్‌ను రోమన్ లిపిలో రాసే కొత్త పద్ధతి, ఇదే చిక్కును ఇంకోలా విప్పింది. బ, ద, గ శబ్దాలు భాషలో లేవు కాబట్టి రోమన్ లిపిలోని బీ, డీ, జీ అక్షరాలు ఊరికే పడి ఉన్నాయి. వాటిని ప, త, క లకు ఇచ్చేసి, పీ, టీ, కే అక్షరాలను ఫ, థ, ఖ లకు ఉంచారు. గుర్తుల బెడద పోయింది. ఆ పద్ధతిని తయారుచేసిన కమిటీలో ముఖ్యుడు చౌ యౌగ్వాంగ్ ఆర్థికశాస్త్రం చదివినవాడు, అంతకుముందు కొన్నాళ్లు న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగం చేసినవాడు. 1906లో పుట్టి 2017లో, 111 ఏళ్లు నిండిన మర్నాడు పోయాడు.

కాబట్టి పాత పీ, కొత్త బీ రెండూ రాసింది మన ప నే. శబ్దం మారలేదు, దానికి తొడిగిన చొక్కా మారింది. పేరులో ఇంకేం మారిందో చూసే ముందు ఈ ఒక్క మార్పును పక్కకు తీసేయండి. సగం పేర్లు ఇక్కడే లొంగిపోతాయి. చెంగ్టూ, చెంగ్డూ అలాంటి జంటే.

రెండో మెట్టు: చాపలో చ, చేపలో చ

పిన్‌యిన్‌లో జనాన్ని భయపెట్టే అక్షరాలు క్యూ, ఎక్స్, జెడ్, సీ. వీటికి ఇంగ్లిష్ ఉచ్చారణ పెట్టి చదివితే ఎక్కడికో పోతాం.

ఎక్స్ అంటే మన శ. ఎస్‌హెచ్ అంటే దాదాపు ష. శ, ష ఒకటే అన్నట్టు మనం ఈమధ్య పలుకుతున్నాం గానీ, బడిలో నేర్పిన తేడా ఇక్కడ పనికొస్తుంది. జే అంటే చేపలో చ, క్యూ దానికి ఒత్తు పెట్టినది. జెడ్ అంటే చాపలో చ. చలి, చుక్క అన్నప్పుడు నాలుక పళ్ల వెనక తగులుతుంది చూడండి, పాత పుస్తకాల్లో పైన రెండంకె వేసి రాసేవారు, ఆ చ. సీ అంటే దానికే ఒత్తు. జెడ్‌హెచ్ అంటే నాలుకను ట పలికే చోటికి మడిచి పలికే చ. మన దగ్గర సరిగ్గా అది లేదు. తెలుగు పేపర్లలో జౌ అని, ఝౌ అని, ఝూ అని తలా ఒకలా రాస్తున్నారు.

ఇప్పుడు మావో పేరు మళ్లీ చూడండి. జెడ్ అంటే చాపలో చ, డీ అంటే త. చైనాలో వినిపించేది 'మావ్ చతుంగ్'కు దగ్గరగా ఉంటుంది. పాత తెలుగు పుస్తకాల్లోని త్సే టుంగ్ ఇవాళ్టి జెడాంగ్ కన్నా అసలు పలుకుబడికి దగ్గర! కొత్త స్పెల్లింగ్ వచ్చాక మనం దాన్ని ఇంగ్లిష్ కళ్లతో చదివి ఇంకాస్త దూరం జరిగాం.

మూడో మెట్టు: ఈ స్పెల్లింగ్ ఏ సంచిలోది?

పేరు కనపడగానే అది ఏ పద్ధతిలో రాసిందో తేల్చుకోవాలి. క్యూ, ఎక్స్, జెడ్‌హెచ్ కనిపిస్తే అనుమానం లేదు, పిన్‌యిన్. హెచ్‌ఎస్, టీజెడ్ ఉంటే, మాట మధ్యలో అడ్డగీతలు ఉంటే వేడ్-జైల్స్. తైవాన్‌లోని కావ్‌షియుంగ్, షిన్‌చూ ఇంగ్లిష్‌లో హెచ్‌ఎస్‌తో ఉంటాయి.

చివర చౌ, కింగ్, కియాంగ్, ట్సిన్ లాంటివి, రెండు ఓలు పక్కపక్కన ఉంటే అది పోస్టల్ స్పెల్లింగ్. సూచౌ, ఫూచౌ, నాన్‌కింగ్, ట్సింగ్‌టావ్ అన్నీ ఆ కుటుంబమే. పాత అట్లాసులు, స్టాంపులు, రెండో ప్రపంచయుద్ధపు వార్తలు, మిషనరీల ఉత్తరాలు మోసుకొచ్చింది ఎక్కువగా వీటినే. 1906లో షాంఘైలో జరిగిన తపాలా సమావేశంలో ఈ పేర్లను ఖాయం చేశారు. టెలిగ్రాములకు అడ్డం రాకుండా గుర్తులు, అడ్డగీతలు తీసేశారు. అప్పటికే జనంలో పాతుకుపోయిన పేర్లను అలాగే ఉంచారు. అప్పట్లో చైనా తపాలా శాఖ కస్టమ్స్ శాఖ కింద ఉండేది, దాని పైన రాబర్ట్ హార్ట్ అనే ఐరిష్‌వాడు, తపాలా వ్యవహారాలకు పిరీ అనే ఫ్రెంచివాడు.

ఒక చిన్న గుంట ఉంది, పడకండి. పిన్‌యిన్‌లో కూడా పైన కామా గుర్తు వాడతారు, కానీ దాని పని వేరు. షియాన్ పేరులో షి, ఆన్ అని రెండు ముక్కలు ఉన్నాయని చెప్పడానికి మధ్యలో పెడతారు. అది లేకపోతే మొత్తం ఒకే ముక్కగా చదవాలి. వేడ్ గుర్తు ఒత్తుకు, పిన్‌యిన్ గుర్తు విరుపుకు.

నాలుగో మెట్టు: పాత క ఎక్కడికి పోయింది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. పెకింగ్‌లోని క బీజింగ్‌లో జ ఎలా అయింది? ప-బ మార్పు చొక్కా మార్పే అన్నాం. ఇది అలా కాదు, ఇక్కడ శబ్దమే మారింది.

ఉత్తర చైనా మాటలో ఇ, య ల ముందు వచ్చే క కాలక్రమాన చ వైపు జరిగిపోయింది. అలాంటి చోట్లే ఉన్న త్స కూడా చ అయింది. రెండు వేర్వేరు శబ్దాలు కలిసి ఒకటయ్యాయి. బీజింగ్ వాళ్ల నోట అవి కలిసిపోయినా పోస్టల్ స్పెల్లింగ్ మాత్రం పాత తేడాను దాచిపెట్టుకుంది. ఆ తేడా నిలిపిన నాన్‌కింగ్ పలుకుబడి పట్టికను వాళ్లు ఆధారంగా తీసుకున్నారు.

చాంగ్‌చింగ్, చింగ్‌డావ్ చూడండి. పిన్‌యిన్‌లో రెంటిలోనూ 'చింగ్' ముక్క స్పెల్లింగ్ ఒక్కటే, క్యూతో మొదలవుతుంది. పాత పేర్లలో ఒకటి చుంగ్‌కింగ్, ఇంకొకటి ట్సింగ్‌టావ్. ఒకదాని వెనక క జాతి శబ్దం, మరొకదాని వెనక త్స జాతి శబ్దం ఉండేవని పాత స్పెల్లింగే చెబుతోంది. అలాగే బీజింగ్‌లోని జింగ్, తియాన్‌జిన్‌లోని జిన్: రెండూ ఇప్పుడు జే. పాతవి చూస్తే కింగ్, ట్సిన్. క ఉండేదన్నది ఊహ కాదు, దక్షిణాన ఇప్పటికీ బతికే ఉంది. కాంటనీస్ మాట్లాడేవాళ్లు రాజధానిని నేటికీ 'పక్‌కింగ్' అన్నట్టే పిలుస్తారు. ఇటలీ జెస్యూట్ మతగురువు మార్టినో మార్టిని 1655లో వేసిన చైనా అట్లాసులోనూ పెకింగ్ అనే ఉంది.

ఇంతకీ మార్చుకోవడం ఎలా? చౌ అంటే దాదాపు ఎప్పుడూ జౌ. కియాంగ్ కనిపిస్తే జియాంగ్. కింగ్ అయితే జింగ్ గానీ చింగ్ గానీ. ట్స దగ్గరే తల పట్టుకోవాలి, అది నాలుగు దారుల కూడలి. ట్సినాన్ జినాన్ అయింది, ట్సింగ్‌టావ్ చింగ్‌డావ్ అయింది, ట్సున్‌యీ జెడ్‌తో జున్‌యీ అయింది, ట్సాంగ్‌చౌ సీతో త్సాంగ్‌జౌ అయింది. ఇందులో సూత్రం పెట్టి తేల్చలేం. నాలుగూ రాసుకుని ఏది నిజంగా ఉన్న ఊరో వెతకడమే.

సెచ్వాన్ అనే పాత రాష్ట్రం పేరు ఇప్పుడు సిచువాన్. మన ఫాస్ట్‌ఫుడ్ బండి మీద 'షెజ్వాన్ నూడుల్స్' అని రాసేది ఈ పాత పేరునే, దారిలో ఇంకో రెండు దెబ్బలు తిన్నాక. ఆ స్పెల్లింగ్‌కు పోస్టల్ వాళ్లు బాధ్యులు కారు, అది మన సొంత వంటకం.

అయిదో మెట్టు: రేవులో విన్న పేరా?

పై నాలుగు మెట్లూ ఎక్కినా కొన్ని పేర్లు కదలవు. అమోయ్‌ను ఎన్ని రకాలుగా తిప్పినా షియామెన్ రాదు. ఎందుకంటే అది ఉత్తరాది మాటలో విన్న పేరు కాదు. ఫూజియన్ రేవుల్లో వాళ్ల హొక్కియెన్ భాషలో ఆ ఊరి పేరు అమోయ్‌కి దగ్గరగా ఉంటుంది, నావికులు విన్నది అదే. రాసే అక్షరాలు అవే, చదివే నోరు వేరు. స్వాటౌ అలాంటిదే, ఇప్పుడది షాన్‌టౌ. హాంగ్‌కాంగ్ కాంటనీస్ వైపు నుంచి వచ్చింది. బీజింగ్‌వాళ్లు దాన్ని షియాంగ్‌గాంగ్ అంటారు. హాంగ్‌కాంగ్‌లోని కౌలూన్ కూడా బీజింగ్‌వాళ్ల నోట జియులాంగ్ అవుతుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. మన వంటింట్లో టీ ఉంది, చాయ్ ఉంది. రెండూ ఒకే చైనా అక్షరం. అమోయ్ వైపు ఓడలెక్కి వచ్చింది 'తే', అందులోంచే మన తేయాకు, తేనీరు. మిగతా దారుల్లో వచ్చింది 'చా'.

కాంటన్ కథ ఇంకాస్త వంకర. ఊరి పేరు గ్వాంగ్‌జౌ. రాష్ట్రం పేరు గ్వాంగ్‌డాంగ్. పోర్చుగీసువాళ్లు రాష్ట్రం పేరును తమ నోటికి తగ్గట్టు చేసి ఊరికి తగిలించారు. అంటే కాంటన్, గ్వాంగ్‌జౌ ఒకే పేరుకు రెండు స్పెల్లింగులు కావు, రెండు వేర్వేరు పేర్లు.

ఆరో మెట్టు: అసలు పేరే మారిపోయిందేమో చూడండి

తేదీ చూడకుండా స్పెల్లింగ్‌తో కుస్తీ పట్టకండి. 1928లో రాజధాని నాన్‌జింగ్‌కు వెళ్లాక, పెకింగ్ చివర 'రాజధాని' అనే అక్షరం తీసి 'శాంతి' అనే అక్షరం పెట్టారు. ఊరు పైపింగ్ అయింది. 1949లో మళ్లీ రాజధాని అయ్యాక పాత పేరు తిరిగొచ్చింది. కాబట్టి 1930ల నాటి ఉత్తరంలో పైపింగ్ కనిపిస్తే అది పెకింగ్‌కు తప్పు స్పెల్లింగ్ కాదు.

ఈశాన్యంలో ఇలాంటివి మరీ ఎక్కువ. ముక్‌డెన్ మంచూ పేరు, ఆ ఊరు ఇప్పుడు షెన్‌యాంగ్. దాల్యాన్‌ను రష్యన్లు దాల్నీ అన్నారు, జపాన్‌వాళ్లు దైరెన్ అన్నారు. పక్కనే పోర్ట్ ఆర్థర్ ఉండేది, దాని చైనా పేరు ల్యుషున్. చాంగ్‌చున్ 1932 నుంచి 1945 దాకా జపాన్ నిలబెట్టిన మంచుకువో రాజ్యానికి రాజధాని, అప్పుడు దాని పేరు షిన్‌కింగ్. యునాన్‌ఫూ ఇప్పుడు కున్‌మింగ్. పాత పేర్ల చివర 'ఫూ' తరచు జిల్లా కేంద్రం అనే అర్థంలో తగిలించిందే. సియాన్‌ఫూ అంటే సియాన్, అంటే ఇప్పటి షియాన్. హాంకౌ ఇంకోరకం, వుచాంగ్, హాన్‌యాంగ్‌లతో కలిసి వుహాన్‌లో మునిగిపోయింది.

ఉరుమ్చి, లాసా, హోహోట్, కాష్గర్ లాంటివాటికి పై సూత్రాలేవీ పనిచేయవు. అవి చైనీస్ మాటలే కావు. ఉయ్‌గుర్, టిబెటన్, మంగోలియన్ పేర్లను చైనా ప్రభుత్వం వాటి భాషల నుంచే రోమన్ లిపిలోకి తెస్తుంది. షిగాట్సే అనే టిబెట్ ఊరి అధికారిక స్పెల్లింగ్‌లో ఎక్స్, జెడ్ ఉండటం అందుకే.

ఏడో మెట్టు: రాష్ట్రం, అక్షరాలు చూసి ఖాయం చేసుకోండి

కొత్త స్పెల్లింగ్ వచ్చింది కదా, ఇక గొడవ లేదనుకుంటే పొరపాటు. పిన్‌యిన్‌లో స్వరాల గుర్తులు, అంటే గొంతు ఎత్తాలో దించాలో చెప్పే టోన్ గుర్తులు, ఉంటాయి గానీ మ్యాపుల్లో, టికెట్ల మీద వాటిని వదిలేస్తారు. దాంతో వేర్వేరు ఊళ్లు ఒకే స్పెల్లింగ్‌లోకి వచ్చి పడతాయి. ఫూజౌ ఒకటి ఫూజియన్‌లో, ఒకటి జియాంగ్‌షీలో. సూజౌ ఒకటి జియాంగ్సూలో, ఒకటి ఆన్‌హుయ్‌లో. తైజౌలు రెండు, యీచున్‌లు రెండు, యూలిన్‌లు రెండు. హోటల్ బుక్ చేసేముందు రాష్ట్రం పేరు చూడకపోతే టెన్షన్ తప్పదు.

పక్కపక్కనే ఉన్న రెండు రాష్ట్రాల పేర్లు కూడా స్వరం తీసేస్తే ఒక్కటే. ఒకదానికి తైయువాన్ రాజధాని, మరొకదానికి షియాన్. తపాలావాళ్లు ఒకదాన్ని షాన్సీ అని, మరోదాన్ని షెన్సీ అని విడదీశారు. పిన్‌యిన్‌లో షియాన్ ఉన్న రాష్ట్రానికి రెండు ఏలు పెట్టి రాస్తారు. అక్షరాలతోనే స్వరం చూపించే మరో పాత పద్ధతి నుంచి ఆ అదనపు ఏ అప్పు తెచ్చుకున్నారు.

అందుకే చివరి తీర్పు చైనా అక్షరాలదే. వికీపీడియాలో ఏ ఊరి పేజీ తెరిచినా మొదటి వరుసలోనే అవి ఉంటాయి. వాటిని కాపీ చేసి మ్యాపులో వేయండి, స్పెల్లింగ్ తగాదా తీరిపోతుంది.

మనం రాసేటప్పుడు

చైనా ప్రభుత్వం 1979 జనవరి 1 నుంచి విదేశీ భాషల కాగితాల్లో పిన్‌యిన్ వాడుతోంది. ఇప్పటి ఊరి గురించి అయితే పిన్‌యిన్ పేరే రాయండి. పాత ఘటన అయితే పాత పేరు రాసి, పక్కన ఇప్పటి పేరు ఒక్కసారి చెబితే చాలు. సంస్థల పేర్లను మాత్రం సరిదిద్దకండి. పెకింగ్ యూనివర్సిటీ ఇంగ్లిష్‌లో ఇప్పటికీ పెకింగే. ట్సింగ్‌హువా యూనివర్సిటీ అలాగే, 1903లో మొదలైన ట్సింగ్‌టావ్ బీరు అలాగే. సర్టిఫికెట్ మీద ఉన్న స్పెల్లింగ్‌ను అప్లికేషన్‌లో 'కరెక్ట్' చేసి చిక్కులో పడొద్దని చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చిన మన పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. విమానం టికెట్ మీద కోడ్ చూసి కంగారూ పడొద్దు. బీజింగ్ పాత విమానాశ్రయం పీఈకే, గ్వాంగ్‌జౌ సీఏఎన్, నాన్‌జింగ్ ఎన్‌కేజీ. పాత పేర్లు అక్కడ బంకలా అతుక్కుపోయాయి.

తైవాన్, హాంగ్‌కాంగ్ పేర్లకు పిన్‌యిన్ రుద్దకండి. తైపే, కావ్‌షియుంగ్ వాళ్లు ఎంచుకుని రాసుకుంటున్న పేర్లు. 2009లో తైవాన్ ప్రభుత్వం పిన్‌యిన్‌ను అధికారికంగా తీసుకున్నా ఆ ఊళ్ల పేర్ల జోలికి పోలేదు. కావ్‌షియుంగ్‌ది ఇంకో చిత్రం. ఆ ఊరి స్థానిక పేరును 1920లో జపాన్‌వాళ్లు తకావో అని పలికేలా కొత్త అక్షరాల్లో రాశారు. జపాన్ వెళ్లిపోయింది, అక్షరాలు మిగిలాయి. వాటిని చైనీస్‌లో చదివితే కావ్‌షియుంగ్.

ఇక మీ చేతికి ఒక పాత కవరు వచ్చిందనుకోండి. మీద 'చిన్‌కియాంగ్, కియాంగ్సు' అని ఉంది. చౌ లేదు గానీ కియాంగ్ ఉంది, కాబట్టి పోస్టల్ సంచి. కియాంగ్‌ను జియాంగ్ చేయండి. రాష్ట్రం జియాంగ్సూ అని తేలిపోయింది. 'చిన్' మాత్రం జిన్, చిన్, జెన్, చెన్ ఏదైనా కావచ్చు. జియాంగ్సూ మ్యాపు తెరిచి, జియాంగ్‌తో ముగిసే ఊరి కోసం యాంగ్జీ నది వెంబడి వెళ్లండి. మహా కాలువ నదిని దాటే చోట, దక్షిణపు ఒడ్డున జెన్‌జియాంగ్ కనిపిస్తుంది. అదే మీ ఊరు.

రెండో కవరు మీద 'చీఫూ' అని ఉంటే ఫూ తీసేసి 'చీ' కోసం వెతకొద్దు. ఇక్కడ ఫూ జిల్లా కేంద్రం కాదు, పేరులో భాగమే. పిన్‌యిన్‌లో అది జెడ్‌హెచ్‌తో మొదలయ్యే జీఫూ. ఇప్పుడది యాన్‌తాయ్ నగరంలో ఒక డిస్ట్రిక్ట్. విదేశీయులు మొత్తం రేవును ఆ పేరుతోనే పిలిచేవారు.